నాలుగో పోర్టు

…విడదీయడం కష్టం కాదు. విడదీశాక ఎవరు ఎవరికి కనిపించాలి, ఎవరికి కనిపించకూడదు అన్నదే మనుషులు తేల్చుకోలేరు. నేను ఒక నెట్‌వర్క్ స్విచ్‌ని. అరచేతికన్నా కాస్త పెద్దదైన రేకు పెట్టె, తీగలు తగిలించే ఎనిమిది పోర్టులు, ఎనిమిది పచ్చని దీపాలు. ఒక తీగలోంచి వచ్చిన కబురును అది చేరవలసిన తీగలోకి పంపడం నా పని. ఆ కబురేమిటో నాకు తెలియదు. ఎంత బరువుందో మాత్రం తెలుస్తుంది.

నన్ను ఎక్కడో ఒక పెద్ద షెడ్డులో, నాలాంటి వేలమందితో పాటు బిగించారు. అదేమీ నాకు గుర్తులేదు. మనుషులకూ తమ పుట్టుక గుర్తుండదట. నా మొదటి యజమానులు కాకినాడలో ఇద్దరు ఆడిటర్లు. చిన్ననాటి స్నేహితులు. ఏదో మాట పట్టింపు వచ్చి, ఒకే గదిలో కూర్చుంటూనే ఒకరి ఫైళ్ళు ఒకరికి కనిపించకుండా నాలో గోడ కట్టించుకున్నారు. దాన్ని వీల్యాన్ అంటారు. పెట్టె ఒకటే, లోపల వేరు కాపురాలు. అయితే ప్రింటరు ఒక్కటే. రోజూ దాని దగ్గర ఎదురుపడేవారు. ఒకరి కాగితాలు ఒకరు తీసి, మాట్లాడకుండా అందించుకునేవారు. ఆఖరికి ఆఫీసు మూసేసి నన్ను పాత సామాను కొట్టుకు అమ్మారు. అక్కడినుంచి సుహాసిని చేతికి వచ్చాను.

సుహాసిని ఇంటినుంచే ఉద్యోగం చేస్తుంది. నన్ను మేడమెట్ల మలుపులో చెక్క పలక మీద పెట్టింది. నాకెదురుగా ఆమె తమ్ముడు ముకుంద్ గది. కిందటి వానాకాలంలో ముకుంద్ ఎవరికీ చెప్పకుండా ఇల్లు వదిలి వెళ్ళాడు. కొన్నాళ్ళకు తుని స్టేషన్‌లో బెంచీ మీద దొరికాడు. ఎందుకు వెళ్ళాడో తనకే తెలియదన్నాడు. కొద్దిరోజులు ఆసుపత్రిలో ఉంచి తీసుకొచ్చాక, మళ్ళీ ఎటైనా వెళ్ళిపోతాడేమోనన్న భయంతో సుహాసిని అతని గదిలో కెమెరా పెట్టించింది. "పెట్టుకో అక్కా" అన్నాడు అతను. ఆ కెమెరా తీగ నా నాలుగో పోర్టులో ఉంది.

కదలకుండా ఉన్న మనిషి బొమ్మ తేలిక. లేచి నడిస్తే బొమ్మ మారుతుంది, నేను మోసే బరువు పెరుగుతుంది. ఈమధ్య ఆ బరువు పగటిపూట కూడా బాగా తగ్గిపోయింది. అతడు కదలడం మానేశాడని నాకు అర్థమైంది. సుహాసిని మాత్రం ఫోనులో చూసుకుని, "కుదుటపడ్డాడు, ఉన్నచోటే ఉంటున్నాడు" అని బంధువులకు చెప్పేది.

కెమెరాలున్న నెట్‌వర్క్‌లో తమ కంప్యూటరు ఉండకూడదని ఆమె ఆఫీసువాళ్ళు పట్టుబట్టారు. ఓ ఆదివారం పొద్దున సుహాసిని లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నా పక్కనే మెట్టు మీద కూర్చుంది. నాలో మళ్ళీ గోడలు కట్టి మూడు గుంపులు చేసి, ఒక్కోదానికి ఒక నంబరు ఇచ్చింది. పది ఆఫీసుకు, ఇరవై ఇంటికి, ముప్పై కెమెరాకు. ఆ వెంటనే ఫోనులో కెమెరా బొమ్మ మాయమైంది.

తప్పెక్కడో నాకు తెలుసు. ప్రతి పోర్టు గురించీ నాకు రెండు చోట్ల చెప్పాలి. ఏ గుంపు కబురు ఆ పోర్టులోంచి బయటికి పోవాలో సెట్టింగుల్లోని ఒక పేజీలో, ఆ పోర్టులోంచి లోపలికి వచ్చిన కబురును ఏ గుంపులో కలపాలో మరో పేజీలో. ఆమె మొదటి పేజీలో ముప్పై వేసింది. రెండో పేజీలో మొదటినుంచీ ఉన్న ఒకటో నంబరు అలాగే ఉండిపోయింది. కెమెరా పిలుస్తూనే ఉంది. ఆ పిలుపు వేరే వాకిట్లోకి పోతోంది. నా దీపం మాత్రం పచ్చగా మిణుకుతోంది. తీగ తగిలించి ఉందనే దానికర్థం, అంతే. అంతా బాగుందని మనుషులు అనుకుంటారు.

సుహాసిని తీగ మార్చింది. నన్ను ఆపి మళ్ళీ వెలిగించింది. చివరికి ఎదుటి తలుపు తట్టింది.

"ఒరేయ్ ముకుందూ, ఆ కెమెరా ప్లగ్గు ఓసారి తీసి పెట్టు."

"పెట్టాను. లైటొచ్చింది."

"లైటు ఇక్కడా వస్తోందిరా. బొమ్మే రావట్లేదు."

"పోనీ నేనే వచ్చి కనపడనా?" అంటూ అతడు తలుపు తీశాడు.

ఆమె నవ్వి, లోపలికి తొంగిచూసింది. "ఇంత ఉక్కలో ఆ మంచం చివర ఇరుక్కుని కూర్చుంటావేంట్రా? కిటికీ దగ్గర కుర్చీ ఉందిగా, గాలొస్తుంది."

"అక్కడ కూర్చుంటే నీకు కనపడను కదా."

ఆమె ఓసారి కెమెరా వైపు, ఓసారి కిటికీ వైపు చూసింది.

"ఓసారి అక్కడ కూర్చుని పేపరు చదువుతుంటే పిండి చేతుల్తో పరిగెత్తుకొచ్చావు, మర్చిపోయావా? పెనం మీద చపాతీ బొగ్గయింది, బావ అలిగాడు. అప్పట్నుంచీ ఇటే కూర్చుంటున్నా. బావ చపాతీలన్నా బతికాయి."

ఈసారి ఆమె నవ్వలేదు. "వెళ్ళి ఆ కుర్చీలో కూర్చో" అంది.

"కెమెరా అటు తిరగదక్కా…"

"కూర్చోమన్నానా."

కుర్చీ జరిపిన చప్పుడైంది. తలుపు తెరిచే ఉంది. సుహాసిని మళ్ళీ మెట్టు మీదికి వచ్చి పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. రెండో పేజీలో నాలుగో పోర్టు ఎదురుగా ఉన్న ఒకటో నంబరు ఇప్పుడామెకు కనిపించింది. చెరిపి ముప్పై వేసింది. నాలో దారి తెరుచుకుంది. చాలా తేలికైన బొమ్మ ఒకటి నా గుండా వెళ్ళింది.

"వచ్చింది" అంది.

"నేనున్నానా అందులో?" లోపలినుంచి అడిగాడు ముకుంద్.

"లేవు. మంచం ఉంది."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ఫోను వైపు చూడటం లేదు. తెరిచిన తలుపులోంచి కిటికీ వైపు చూస్తోంది. పేపరు గాలికి రెపరెపలాడుతున్న చప్పుడు నా దాకా వస్తోంది.

పొద్దుటినుంచీ అవస్థపడి సరిచేసిన పని అది. ఆమె ఫోను మెట్టు మీద బోర్లించి, లేచి నా దగ్గరికి వచ్చింది. వేలు ఒకటో పోర్టు నుంచి తడుముకుంటూ నాలుగో దాని మీద ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత తీగ చివర ఉన్న చిన్న ప్లాస్టిక్ నాలుకను నొక్కి, తీగను బయటికి లాగేసింది.