గాయకుడి హర్డిల్

మిడత అన్న పేరు ఆమెకు ట్రాక్ మీద పడింది. హర్డిల్స్ మీంచి ఎగిరే తీరు చూసి కోచ్ పెట్టిన పేరు అది. మోకాలి లిగమెంట్ తెగి పరుగు ఆగిపోయినా పేరు మాత్రం ఆమెను వదల్లేదు.

మైదానం అంచున మొహం వేలాడేసుకుని కూర్చుంటే చూడలేక, కోచే ఒకరోజు ఆమె చేతిలో కెమెరా పెట్టాడు. మిగతావాళ్ళు దూకుతుంటే తప్పులు కనబడేలా తీసి పెట్టమన్నాడు. పక్కనుంచి తీసింది, వెనకనుంచి తీసింది, నేలమీద బోర్లా పడుకుని తీసింది. తీసినదాన్ని తిప్పి తిప్పి చూస్తూ, ఏ కదలిక దగ్గర కోసి అతికిస్తే కన్ను తడబడదో పట్టేసింది. తర్వాత ఎవరో డాన్సు బృందం వాళ్ళు పాట తీసిపెట్టమన్నారు. అది నలుగురి కంటా పడింది. కొన్నేళ్ళు తిరిగేసరికి మ్యూజిక్ వీడియోల డైరెక్టరుగా మిడతకు మంచి పేరే వచ్చింది.

పేరుతో పాటు ఒక పీడా వచ్చింది. "మీరు ఒకప్పుడు అథ్లెట్ అట కదా" అని ఎవరు మొదలుపెట్టినా ఆమెకు ఒళ్ళు మండేది. ఆ మాట వెనకాలే పరుగు వస్తుందని తెలుసు. ప్రేమ పాటకి పరుగు, విరహం పాటకీ పరుగే. ఆఖరికి జోలపాటలో కూడా తల్లి ఉయ్యాల దగ్గరికి పరుగెత్తుకుంటూ రావాలన్న మహానుభావుడు ఉన్నాడు. "పిల్లాడు లేస్తాడండీ" అంటే, "స్లో మోషన్లో కదా, చప్పుడు కాదు" అన్నాడాయన.

ఈసారి వచ్చిన గాయకుడు మంచివాడే. నెమ్మదస్తుడు, గొంతు బంగారం. పాటేమో ఫోన్ ఎత్తడం మానేసిన స్నేహితుడి గురించి. ఒక గది, ఒక కుర్చీ, అతని మొహం చాలనుకుంది మిడత. నిర్మాత అంతా విని తలూపాడు.

"బాగుందమ్మా. మధ్యలో హర్డిల్స్ పెడదాం."

"స్నేహితుడు ఫోన్ ఎత్తకపోతే హర్డిల్స్ ఎందుకండీ?"

"అడ్డంకులమ్మా. జీవితంలో అడ్డంకులు."

ఆమె నుదురు పట్టుకుంది.

షూటింగ్ రోజున గాయకుడు ఎర్ర జాకెట్టు, టోపీ వేసుకుని బాగానే పరిగెత్తుకొచ్చాడు. తీరా హర్డిల్ ముందుకు రాగానే టక్కున ఆగిపోయాడు. ఎన్నిసార్లు పరిగెత్తించినా అక్కడిదాకా రావడం, ఆగడం. ఒకసారైతే వంగి కిందనుంచి దూరబోయాడు. కెమెరామన్ అటు తిరిగి నోరు నొక్కుకున్నాడు. ఎండ నడినెత్తికి వస్తోంది. మధ్యాహ్నానికల్లా మైదానం ఖాళీ చెయ్యాలి, ఇంకెవరినీ పిలిపించే వ్యవధి లేదు.

నిర్మాత మెల్లిగా మిడత పక్కకు చేరాడు. "నువ్వూ అతనూ ఒకే ఎత్తమ్మా. వెనకనుంచి తీస్తే ఎవరికి తెలుస్తుంది?"

"నా మోకాలికి తెలుస్తుంది."

"ఒక్కటే కదా, దూకెయ్."

చెమటకు తడిసిన ఆ జాకెట్టు తొడుక్కుంటున్నప్పుడు ఆమెకు పాత రోజులేవీ గుర్తుకురాలేదు. వచ్చిందల్లా కోపం. ఆ కోపంతోనే మొదటి హర్డిల్ దాటింది. కెమెరామన్ చాలు చాలంటున్నా ఆగక, వరసలో ఉన్నవన్నీ దాటేసి అవతల గడ్డి మీద కూలబడింది. మోకాలు బూరెలా ఉబ్బింది. దానిమీద ఐస్ పెట్టుకునే ఆ వీడియో ఎడిటింగ్ పూర్తిచేసింది.

వీడియో బయటికొచ్చింది. పాట సంగతి అటుంచి, గాయకుడు దూకిన తీరు గురించే ఊరంతా ఒకటే మాట. మిడత వాళ్ళమ్మ కూడా ఫోన్ చేసింది.

"ఏమే, ఆ అబ్బాయి ఎంత హాయిగా దూకాడే. నువ్వూ దూకేదానివి ఒకప్పుడు, ఎప్పుడూ మొహం చిట్లించుకుని."

"అందులో మొహం కనబడదమ్మా."

"కనబడక్కర్లేదు, తీరులోనే తెలుస్తోంది."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అమ్మకు చెబితే కాఫీ చల్లారేలోపు వీధంతా తెలిసిపోతుంది. మింగేసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు గాయకుడే ఎడిటింగ్ గదికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఒక బడిలో ఆటల పోటీలకు తనను ముఖ్య అతిథిగా పిలిచారట. ఒక హర్డిల్ దూకి పోటీలు మొదలుపెట్టాలట.

"ఎందుకు ఒప్పుకున్నారు?"

"ఒప్పుకోలేదండీ, నవ్వానంతే."

"ఆ నవ్వుతోనే వచ్చింది తంటా. నిజం చెప్పేసి ఊరుకోండి."

అతను కుర్చీ అంచున కూర్చున్నాడు. "చిన్నప్పుడు నాకు ఉబ్బసం. ఆటల పీరియడ్లో నన్ను గోడ పక్కన కూర్చోబెట్టి, పాట పాడుతూ ఉండరా అనేవాళ్ళు. మొన్న వీడియో చూసి, అది నేనే అయితే బాగుండనిపించింది. ఒక్కటి దూకడం నేర్పించండి."

మిడతకు చిరాకు తగ్గలేదు గానీ, "పొద్దున్నే రండి" అంది.

మర్నాటి నుంచి పొద్దున్నే మైదానం. హర్డిల్‌ని వీలైనంత కిందికి దించి పెట్టింది. "కర్ర వంక ఎందుకు చూస్తారు? అది ఎక్కడికీ పోదు. ముందుకు చూడండి." చూశాడు, తన్నేశాడు. "ఆ వెనక కాలేమిటి, తడిగుడ్డలా అలా వేలాడేస్తారు?" ఎత్తాడు, పడ్డాడు. మోచేతులు గీసుకుపోయాయి. ఆమె అరిచీ అరిచీ గొంతు పోగొట్టుకుంది. అతను మాత్రం మట్టి దులుపుకుని లేచి, మళ్ళీ వెనక్కి నడిచేవాడు.

పోటీల రోజున మిడతా నిర్మాతా కూడా వచ్చి కూర్చున్నారు. పిల్లలందరి ముందూ గాయకుడు పరిగెత్తుకొచ్చి హర్డిల్ని తన్ని, బోర్లా పడ్డాడు. అతను లేచి మైకు తీసుకున్నాడు. "వీడియోలో దూకింది నేను కాదు. మా డైరెక్టరుగారు. అదిగో, అక్కడున్నారు."

మిడత పక్క కుర్చీలో నిర్మాత తల పట్టుకున్నాడు. పిల్లలంతా మిడత వైపు తిరిగారు. హెడ్మిస్ట్రెస్ ఎదురొచ్చి, "అయితే మీరే ఒక్కసారి దూకాలి మేడమ్" అంది.

"నేను దూకను" అంది మిడత. అని, కుంటుకుంటూ ట్రాక్ మీదికి వెళ్ళి, పడిపోయిన హర్డిల్ని నిలబెట్టి గాయకుడి వైపు తిరిగింది. "మీరు దూకండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడు కాకపోతే ఎప్పుడు? కర్ర వంక చూడకండి."

ఈసారి దాటాడు. అందంగా ఏమీ లేదు, పడబోయి నిలదొక్కుకున్నాడు. అయినా ఆగకుండా మైదానం చివరిదాకా పరిగెత్తి, మోకాళ్ళ మీద చేతులేసుకుని వగరుస్తూ నిలబడ్డాడు. పిల్లలు ఈలలు వేస్తున్నారు. మిడత అతని దగ్గరికి చేరేసరికి అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

"వెనక కాలు ఇంకా వేలాడుతోంది" అంది ఆమె.

"రేపు పొద్దున రమ్మంటారా?"

ఆమె విసుగ్గా అటూ ఇటూ చూసింది. "రండి. ఆలస్యమైతే మాత్రం నేను వెళ్ళిపోతాను."