బఠానీల వెనక పన్నెండు వేలు

పొద్దున్న తొమ్మిది కాకముందే డెల్బర్ట్ నా తలుపు బాదాడు. లాస్ వేగస్‌లో జూలై నెలంటే ఆ వేళకే రోడ్డు పెనంలా ఉంటుంది, వీడేమో చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు.

"వెర్నా, నా డబ్బు ఇచ్చెయ్! మొత్తం! టెక్సాస్ నుంచి ఎవడో కార్ల వ్యాపారి దిగాడు. ఆట ఓనమాలు రావు, పోయి పోయి పెద్ద బల్ల దగ్గర కూర్చున్నాడు. అలాంటి బకరా మళ్ళీ దొరకడు!"

"ముందు నోరు మూసుకుని కాఫీ తాగు," అన్నాను.

డెల్బర్ట్ మా పక్కింటివాడు. ముప్పై నాలుగేళ్ళుంటాయి. నేను చెల్లెలింటికి వెళితే నా టమాటా మొక్కలకు నీళ్ళు పోసేది వాడే, నా ఇంటి తాళంచెవి ఒకటి వాడి దగ్గరే ఉంటుంది. నిరుటిదాకా కప్పులెక్కి ఏసీలు బాగుచేసేవాడు. ఇప్పుడు పోకర్ ఆడి బతుకుతున్నాడు, బాగానే ఆడతాడు కూడా. వాడి పెట్టుబడి పన్నెండు వేల డాలర్లు నా దగ్గర దాచాడు. ముప్పై ఏళ్ళు కాసినోలో క్యాషియరుగా చేశానని నా మీద గురి. రోజుకు ఇరవయ్యో వంతుకు, అంటే ఆరు వందలకు మించి ఇవ్వకూడదని ఒట్టు వేయించుకున్నది కూడా వాడే. ఆ డబ్బు పోతే మళ్ళీ నిచ్చెనా, కప్పులూ, మండుటెండా.

"పెద్ద బల్లకు పదివేలు లేనిదే కూర్చోనివ్వరు. కాళ్ళు పట్టుకుంటా తల్లీ! అసలు ఆ డబ్బు నీదా, నాదా?"

"నీదే. అందుకే ఇవ్వను."

"ఆ బల్ల దగ్గర నాకంటే బాగా ఆడేవాడు ఒక్కడు లేడు!"

నాకు ఒళ్ళు మండింది. మా ఆయన ఆర్లో అచ్చం ఇలాగే అనేవాడు. నిజంగానే మంచి ఆటగాడు. అంత ఆటగాడూ ఆ ఆటలో అన్నిటికంటే గొప్ప కార్డులు, రెండు ఆసులు చేతిలో పెట్టుకుని మా ఇల్లు పోగొట్టాడు.

పీచ్ పళ్ళు కూరి కాల్చిన తియ్యటి రొట్టె, మేము 'పై' అంటాం, తెచ్చి బల్ల మీద పెట్టి ఎనిమిది ముక్కలు కోశాను. ఒకటి వాడి ముందుకు తోశాను.

"ఎప్పుడూ నీకు రెండు ఆసులు, నాకు రెండు రాజులు. బల్ల మీద తిప్పే ఐదు కార్డులు ఇద్దరికీ. ఐదుసార్లు ఆడితే నాలుగుసార్లు నువ్వే గెలుస్తావు. కాకపోతే ప్రతిసారీ నీ దగ్గరున్న ముక్కలన్నీ ఒడ్డాలి, నేనూ అన్నే పెడతాను. వరసగా మూడు ఆటలు గెలిస్తే 'పై' మొత్తం నీది."

"ఇదేం పందెం, నీ 'పై' పోయినట్టే!" అని కుర్చీ లాక్కున్నాడు.

మొదటి ఆట గెలిచాడు, రెండు ముక్కలయ్యాయి. రెండోదీ గెలిచాడు, నాలుగు. వాడి మొహం వెలిగిపోయింది, ఫోర్కు కూడా చేతిలోకి తీసుకున్నాడు. మూడో ఆటలో బల్ల మీద నాలుగు కార్డులు పరిచాను, ఏమీ రాలేదు. ఐదోది తిప్పాను.

రాజు. నాకు మూడు రాజులయ్యాయి, వాడి రెండు ఆసులూ ఓడిపోయాయి.

నాలుగు ముక్కలూ నా వైపు లాక్కుని వాడు చూస్తుండగానే తినడం మొదలుపెట్టాను.

"అన్యాయం," అన్నాడు.

"అన్యాయమేముంది? నువ్వు బాగానే ఆడావు. ఇక తినడానికే ఏమీ లేదు."

ఆరు వందలు చేతిలో పెట్టాను. గొణుక్కుంటూ చిన్న బల్లకే వెళ్ళాడు.

మర్నాడు తెలిసింది, ఆ టెక్సాస్ ఆసామి ఆ బల్ల దగ్గర ఎనభై వేలు పోగొట్టుకుని వెళ్ళాడట. వీడొచ్చి ఎన్ని తిడతాడో అనుకుంటూ ఉండగానే వచ్చాడు. నేనిచ్చిన ఆరు వందలూ, గెలిచినదీ కలిపి ఎనిమిది వందల ఎనభై బల్ల మీద పెట్టాడు.

"విన్నావా?" అన్నాను మెల్లగా.

"విన్నాను. రాత్రంతా తిట్టుకున్నాను, సగం నన్ను, సగం నిన్ను. 'పై' ఏమైనా మిగిలిందా?"

మిగిలిన ముక్క ముందు పెట్టాను. రెండు గుక్కల కాఫీ తాగి, తల ఎత్తకుండానే అన్నాడు.

"వెర్నా, డబ్బు ఫ్రిజ్‌లో బఠానీల సంచి వెనక పెట్టకు. దొంగ ముందు వెతికేది అక్కడే."

"నీకెలా తెలుసురా?"

"పోయిన నెల మొక్కలకు నీళ్ళు పోయడానికొచ్చి, ఐసు కోసం వెతికితే కనబడింది."

నిన్న పొద్దున్న నేను ఎనిమిది గంటలదాకా బజార్లోనే ఉన్నాను, తాళంచెవి వాడి జేబులోనే ఉంది. కావాలంటే అప్పుడే తీసుకుపోయేవాడు, అయినా వచ్చి నా తలుపు బాదాడు. వాడి 'పై' ముక్క మీద ఇంకాస్త క్రీమ్ వేశాను.