ఆరో నంబరు తెర

పొద్దున తొమ్మిదింటికి సీసీ కెమెరాల కంట్రోల్ రూముకి రాగానే ఆపరేటరమ్మ చేసే మొదటి పని, ఆరో నంబరు తెర మీది దుమ్ము చేతిరుమాలుతో తుడవడం. మిగతా పదకొండు తెరల దుమ్ము ఎవరు తుడుస్తారో ఆ కంపెనీవాళ్లకే తెలియాలి.

ఆరో తెరలో ఆవిడ మొగుడున్నాడు. వెనక గేటు వాచ్‌మన్. మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం కెమెరాకి మరీ దగ్గరగా వెళ్లి నిలబడ్డాడు, అంతే, వైర్లో చిక్కుకుపోయాడు. గేటు దగ్గర మనిషి లేడు, తెర మీద ఉన్నాడు. మేనేజరు వచ్చి చూసి, "డ్యూటీలో ఉన్నట్టే కదా" అని హాజరు వేయించాడు. గేటుకి ఇంకో మనిషిని పెట్టారు. ఆ సంగతి అక్కడితో సరి.

నిజం చెప్పాలంటే ఆపరేటరమ్మకి అదే బాగుంది. అంతకుముందు ఆయన కాలు ఒకచోట నిలిచేది కాదు. డ్యూటీ దిగాక ఎటు పోయేవాడో, ఎప్పుడొచ్చేవాడో! ఇప్పుడో, ఎనిమిది గంటలూ కళ్లెదుటే. బొమ్మ మసకే అనుకోండి, మనిషి ఒకడైతే నీడలు రెండు. అయినా ఆ నోరు ఎప్పుడూ సాగి ఉండేది, నవ్వుతున్నాడని ఆవిడ అనుకునేది. టిఫిన్ డబ్బా విప్పి పిల్ల పరీక్షల సంగతీ, చెడిపోయిన నీళ్ల పంపు సంగతీ అన్నీ ఏకరువు పెట్టేది. ఒక్క సెలవూ పెట్టలేదు. ఇంకెవరైనా ఆ కుర్చీలో కూర్చుని ఏ బటనో నొక్కేస్తారని భయం. కిటికీ లేని ఆ గదిలో ఆవిడ కూడా చిక్కుకుపోయిందని ఎవరూ అనలేదు, ఆవిడా అనుకోలేదు.

ఆ రోజు మెకానిక్ కొత్త రిసీవరు పెట్టె పట్టుకొచ్చాడు.

"పాతది పోయేలా ఉందక్కా. గేటు తొమ్మిదొందల మీటర్ల దూరం. ఇంత సన్నటి మెలి వైర్ల జతలో బొమ్మ ఇక్కడికొచ్చేసరికి నీరసపడిపోతోంది. ఇది లేపి కూర్చోబెడుతుంది."

"ఆయనకేం కాదు కదా తమ్ముడూ?"

"బావ ఉన్నది వైర్లో అక్కా, పెట్టెలో కాదు."

పాత పెట్టె ఊడదీయగానే తెర నల్లబడింది. ఆవిడ ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుని కూర్చుంది. రెండు వైర్లూ కొత్త పెట్టెకి బిగించాక ఆయన మళ్లీ వచ్చాడు. పెట్టె మీద రెండు బుల్లి స్క్రూలు. మొదటిది వెలుగుకి. మెకానిక్ కాస్త ఎక్కువ తిప్పేసరికి మొహం సున్నం కొట్టినట్టయింది, వెనక్కి తిప్పాడు.

"రెండోది పదునుకి. నీడలు పోయేదాకా చూసి చెప్పక్కా."

"ఇంకొంచెం... ఇంకొంచెం... ఆ, చాలు!"

నీడలు పోయాయి. మొహం తేటగా కనిపించింది. ఆయన నవ్వడం లేదు. పళ్లు బిగబట్టి ఉన్నాడు. చెంపల మీద తడి చారలు. పెదాలు ఆగకుండా ఒకటే మాట అంటున్నాయి: వదులు, వదులు.

మెకానిక్ గొంతు తగ్గించాడు. "స్క్రూ వెనక్కి తిప్పెయ్యనా అక్కా? ఎప్పట్లాగే మసగ్గా ఉంటాడు."

తిప్పెయ్ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"మూడేళ్లుగా ఇదే అంటున్నాడా?"

"అంతే అయ్యుంటుంది."

"నేనేమో నీళ్ల పంపు కబుర్లు చెప్తూ కూర్చున్నా. ఛీ, నా బతుకు!" ఆవిడకి తన మీద తనకే సిగ్గేసింది. "బయటికి పంపాలంటే ఏం చెయ్యాలి?"

"ఈ రెండు వైర్లూ అటుదిటు బిగిస్తే వచ్చిన దారినే వెనక్కి మళ్లుతాడు. కానీ మళ్లీ తెరలోకి రాడక్కా. ఇంటికొస్తాడో, ఇంకెక్కడికి పోతాడో మన చేతిలో ఉండదు."

ఆవిడ స్క్రూడ్రైవరు లాక్కుంది. అది రెండుసార్లు జారింది. తనే వైర్లు మార్చి బిగించింది. ఆయన వెనక్కి తిరిగాడు. తెరిచి ఉన్న గేటు చూశాడు, తడబడుతూ నడిచాడు, తెర అంచు దాటిపోయాడు. ఖాళీ గేటు మిగిలింది.

బల్ల మీది ఫోను మోగింది, గేటు నుంచి కొత్త వాచ్‌మన్.

"అమ్మా, మీ ఆయన బయటికొచ్చేశారు! రోడ్డు మీద నిలబడి అటూ ఇటూ చూస్తున్నారు. ఎటు పంపమంటారు?"

"పంపడానికి నువ్వెవరు, నేనెవర్ని? ఆయనకి ఎటు వెళ్లాలనుంటే అటు వెళ్లనీ."

"ఏదో చెప్పాలంటున్నారమ్మా, ఇదిగో ఇస్తున్నా—"

ఆవిడ టక్కున ఫోను పెట్టేసింది. ఆ గొంతు వింటే ఇంటికి రమ్మనేస్తానేమోనని భయమేసింది.