ఆర్నెల్ల సూది

టైలరు మాస్టారు బతుకంతా సూదితోనే గడిపాడు గానీ, ఆ సూది తన ఒంటికేసి తిరిగిందంటే పసిపిల్లాడైపోతాడు. నర్సు సిరంజి తీయగానే కళ్లు గట్టిగా మూసుకుని భార్య చెయ్యి నలిపేస్తాడు. అలాంటి మనిషి డాక్టరమ్మతో "నెలకోసారే వేయండమ్మా" అనేసరికి భార్య నోరు వెళ్లబెట్టింది.

ఆయనకు ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకల్లోకి పాకింది. మగ హార్మోనును అణిచిపెడితే జబ్బు అదుపులో ఉంటుందని ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఒంటికి పడుతుందో లేదో చూడాలని మొదట నెలనెలా వేశారు. బాగానే పడింది, ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు కమ్మడం తప్ప. "ముట్లుడిగేటప్పుడు నాకివే వస్తే నవ్వారుగా, ఇప్పుడు అనుభవించండి" అని దెప్పుతూనే భార్య కిటికీలన్నీ తెరిచేది.

"ఇక మూడు నెలలకొకటైనా, ఆర్నెల్లకొకటైనా వేయించుకోవచ్చు. పనిచేయడంలో తేడా ఉండదు, పరీక్షలు మాత్రం మానకూడదు. ఆలోచించుకుని రేపు చెప్పండి" అంది డాక్టరమ్మ.

నెలకోసారే ఎందుకన్నారని దారి పొడుగునా భార్య అడుగుతూనే ఉంది, ఆయన మాట దాటేస్తూనే ఉన్నాడు. "నెలనెలా నీతో బస్సు షికారు దొరుకుతుందనే" అన్నాడు చివరికి. ఆవిడ కాస్త మురిసింది కూడా, పిచ్చిది.

కొట్టుకు రాగానే ఆయన మనవరాలి స్కూలు గౌను పూర్తిచేసి ఇచ్చాడు. గుండీలు కుట్టడం ఆవిడ పని. గౌను ఒళ్లో వేసుకుని అంచు తిరగేసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

పిల్లల బట్టలకు అంచు లోపల గుడ్డ మడిచి వదలడం ఆయన అలవాటు. పిల్ల ఎదిగితే విప్పి పొడుగు చేసి ఇస్తాడు. ఆ వీధి పిల్లలంతా ఆయన మడతల్లోనే పెరిగారు. ఈ గౌనుకు మాత్రం మడతే లేదు.

"మడతేదండీ?"

"మర్చిపోయా."

"అన్నం తినడం మర్చిపోతారు గానీ, ఇది మర్చిపోతారా మీరు?"

ఆయన కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. "వచ్చే ఏడు విప్పి కుట్టడానికి నేనుండొద్దూ? ఆర్నెల్లది వేయించుకుని మధ్యలోనే పోతే? నెలంటే, అన్నాళ్లు ఉంటానని కాస్త నమ్మకంగా ఉంటుందే."

ఆవిడకు కోపం, ఏడుపు ఒక్కసారే ముంచుకొచ్చాయి. "భయం మీ ఒక్కరికేనా? సూది రోజు దగ్గరపడుతోందంటే నాకు ముద్ద దిగదు. మీకేమవుతుందో నాకూ తెలీదు, ఆ డాక్టరమ్మకూ తెలీదు. ఉన్నన్నాళ్లూ ఆ సూది గొడవ లేకుండా మీతో తీరిగ్గా పోట్లాడుకోవాలనుంది నాకు. అదీ ఇవ్వరా?"

ఆయన గౌను తీసుకుని, మడతపెట్టి, సంచిలో వేసుకున్నాడు.

మర్నాడు ఆసుపత్రిలో "ఆర్నెల్లదే వేయండమ్మా" అని, కళ్లు మూసుకుని ఆవిడ చెయ్యి అందుకున్నాడు. ఎప్పటికంటే గట్టిగా నలిపాడు.

తిరిగొస్తూ బట్టల కొట్టు ముందు ఆగాడు. సంచిలోంచి గౌను తీసి చూపించి, "ఈ నీలం గుడ్డే ఓ జానెడు కావాలి" అన్నాడు కొట్టతనితో. ఆవిడకేసి తిరిగి, "మడత కోసం లోపల అతుకు వేస్తాలే, పైకి కనపడదు" అన్నాడు.

"జానెడు ఏ మూలకండీ? పిల్లకి మీ పొడుగే వస్తుంది. మూరెడు తీసుకోండి."

ఆయన ఆవిడ ముఖంలోకి ఓసారి చూశాడు.

"మూరెడే ఇవ్వవయ్యా" అన్నాడు.