ఆటోలో గ్రీకు మాటలు

వనపర్తిలో ప్రైవేటు బడి నడిపే శ్రీనాథ్‌కు వేసవి వచ్చిందంటే చాలు, ఇంగ్లీషు పూనుతుంది. మిగతా బళ్లవాళ్లు అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరిగి కరపత్రాలు పంచితే, ఈయన ఆటోలో ఒక పిల్లను ఎక్కించుకుని ఇంటింటి ముందు ఇంగ్లీషు చెప్పిస్తాడు. ఈ ఏడు ఫోన్లో ఎక్కడో ఒక వింత దొరికింది. స్పెల్లింగులో పి, హెచ్, టి, హెచ్ వరసగా వచ్చే ఇంగ్లీషు మాటలు, అన్నీ గ్రీకు నుంచి వచ్చినవట. డిఫ్తీరియాలో ఉన్నది తోలు అనే గ్రీకు మాటట. ఏ తోలో, ఎవరి తోలో ఆయనకు అక్కర్లేదు. గ్రీసు ఎక్కడుందో మ్యాపులో చూపించమంటే గోడకేసి చూసే మనిషి.

వాటిని రెండో తరగతి మానసకు బట్టీ పట్టించే పని అర్చన టీచర్ మీద పడింది. ఆఫ్తాల్మాలజీ, నాఫ్తలీన్, థైసిస్, డిఫ్తీరియా. కంటి వైద్యం, కలరా ఉండలు, క్షయ, కంఠసర్పి. అర్థాలు చూసి అర్చనకు నవ్వొచ్చింది, అసహ్యమూ వేసింది. దవాఖాన గోడ మీద ఉండాల్సినవి పసిదాని నోట్లో పెడుతున్నాడు, వీడూ ఒక విద్యాదాత అని లోలోపల తిట్టుకుంది. తిట్టుకుంటూనే చేతులు తిప్పడం, చివర్లో నవ్వడం కూడా నేర్పింది. పిల్లల్ని తేని టీచర్‌కు జూన్‌లో ఉద్యోగం లేదని శ్రీనాథ్ ముందే చెప్పాడు. ఆమె తరఫున ఇంకా ఒక్క పిల్లా బడిలో చేరలేదు.

ఖిల్లా ఘణపూర్ దగ్గరి ఊళ్లో కిష్టమ్మ ఇంటి ముందు ఆటో ఆగింది. ఆమెకు ఇద్దరు మనవరాళ్లు, బడికి వేయాల్సిన ఈడు. మానస అరుగెక్కి గడగడా చెప్పి, డిఫ్తీరియా దగ్గర చేతులు చాచి నవ్వింది. కిష్టమ్మ మురిసిపోయి పిల్లల పేర్లు రాసుకోమంది. అర్చనకు ప్రాణం లేచొచ్చింది. ఇంత తేలిగ్గా పడిపోతారా ఈ జనం అని ఆ ముసలామె మీదా చిన్నచూపు కలిగింది.

అప్పుడు కిష్టమ్మ ఆ చివరి మాటకు అర్థమేందని అడిగింది. ఇంగ్లీషుకు అర్థాలు అడగొద్దని, పలకడమే గొప్పని శ్రీనాథ్ అడ్డుపడ్డాడు. ఆ తెలివితక్కువ మాటకు ఒళ్లు మండి అర్చన ఉన్నది చెప్పేసింది. కంఠసర్పి.

కిష్టమ్మ మొహంలో నవ్వు పోయింది.

"నా పెద్దకొడుకు గా రోగంతోనే పోయిండు. గొంతుల తోలు లెక్క పొర కట్టింది, ఊపిరాడలే," అంది. కొంగుతో కళ్లు తుడుచుకుని అర్చన వైపు తిరిగింది. "నవ్వుకుంట చెప్పుమని నువ్వే నేర్పినవా బిడ్డ?"

అర్చన అవునంది. ఇన్నాళ్లూ శ్రీనాథ్ కోసం దాచుకున్న అసహ్యమంతా తిరిగొచ్చి తన మొహానే కొట్టింది. కిష్టమ్మ మనవరాళ్లను లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకుంది.

ఆటో కదిలాక శ్రీనాథ్ కనీసం నొచ్చుకోలేదు. "గా ఒక్క మాట తీసెయ్ మేడం. అవే అక్షరాలది ఇంకోటి పెడదాం," అన్నాడు.

అవ్వ ఎందుకేడ్చిందని మానస అడిగింది. ఒక్కో మాట దేని పేరో, ఏ రోగం మనిషిని ఏం చేస్తుందో శ్రీనాథ్ వినేటట్టే అర్చన తెలుగులో చెప్పింది. ఆయన గుర్రుగా చూసి, జూన్ సంగతి గుర్తుంచుకోమన్నాడు. ఆమె ఆపలేదు.

తర్వాతి ఇంటి ముందు శ్రీనాథ్ ఎంత సైగ చేసినా మానస నోరు విప్పలేదు. అర్చన ఆమెను చెప్పమననూ లేదు.