పరుపులు మింగిన కేక

పెళ్ళయిన ఇన్నేళ్ళలో అత్తగారు అల్లుణ్ణి దుకాణానికి పిలవడం అదే మొదటిసారి. చెడిపోయిన లెక్కల ఫైళ్ళు బాగుచేయడమే అల్లుడి వృత్తి. ఊళ్ళో సగం దుకాణాలవాళ్ళు కంప్యూటరు మొండికేస్తే అతని కోసమే పరిగెత్తుకొస్తారు. సొంత అత్తగారు మాత్రం ఎవరెవరినో పిలిపించుకునేది. అల్లుడికి డబ్బిస్తే బాగుండదు, ఇవ్వకపోతే అసలు బాగుండదు అని ఆవిడ వాదన. అలాంటిది ఆ రోజు తెల్లారగానే ఫోను చేసి, "అల్లుడుగారూ, ఒకసారి వచ్చి వెళ్ళండి" అంది. అతను చొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ బయల్దేరాడు.

భార్య గుమ్మందాకా వచ్చింది. "వెళ్ళి ఫైలు బాగుచెయ్యి. మా అమ్మని బాగుచేసే పని మాత్రం పెట్టుకోకు."

అత్తగారిది పరుపుల దుకాణం. ముందుగదిలో అమ్మకం, మధ్యగదిలో సరుకు, చివరిగదిలో కంప్యూటరు, దాని వెనక వసారాలో కుట్టుపనివాళ్ళు. కంప్యూటరు ముందు కూర్చునే ఆవిణ్ణి అందరూ లెక్కలమ్మ అంటారు. ఆ పూట లెక్కలమ్మ కుర్చీలో లేదు. గోడవారగా నిలబడి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏం చేసిందో మీరే అడగండి. నిన్నటిదాకా నిక్షేపంలా ఉన్న ఫైలు ఇవాళ తెరుచుకోదేం? పోయినవారమూ ఇంతే. ఎవడో వచ్చి ఏదో నొక్కి పోయాడు" అంది అత్తగారు.

"నేనేం చెయ్యలేదమ్మగారూ."

"నువ్వు కాకపోతే దానంతటదే పాడైందా? సాయంత్రానికి తేలాలి. తేలకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

లెక్కలమ్మ జీతం మీదే వాళ్ళ ఇల్లు గడుస్తోందని అల్లుడికి తెలుసు. అత్తగారికి ఇంకా బాగా తెలుసు. కాకపోతే కోపమొచ్చినప్పుడు ఆవిడకు తెలిసినవేవీ గుర్తుండవు.

అల్లుడు చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు. ఫైలు తెరవబోతే, డేటా చదవడం కుదరలేదని తెర మీద ఒక ముక్క వచ్చి ఊరుకుంది. కంగారు మనుషులు పని చెడగొట్టేది సరిగ్గా ఇక్కడే. నొక్కిందే నొక్కుతారు, ప్రోగ్రాం పీకి మళ్ళీ వేస్తారు, మిగిలింది కూడా ఊడగొడతారు. అతను ఆ రకం కాదు. ముందు డేటా ఉన్న ఫోల్డరు మొత్తానికి కాపీ తీసుకున్నాడు. ఇక అసలు ఫైలు జోలికి పోకుండా కాపీ మీదే ప్రయోగాలు మొదలెట్టాడు. పోయిన ఏడాది లెక్కలు అదే ప్రోగ్రాంలో ఇట్టే తెరుచుకున్నాయి, అంటే ప్రోగ్రాంకి ఏ రోగమూ లేదు. కాపీని తన ల్యాప్‌టాప్‌లో పెడితే అక్కడా అదే మొండితనం. దెబ్బ తగిలింది ఫైలుకే. ప్రోగ్రాంతోపాటు వచ్చే మరమ్మతు సాధనాన్ని కాపీ మీద నడిపించి, టీ తెప్పించుకున్నాడు. గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఫైలు తెరుచుకుంది. నిన్న మధ్యాహ్నం తర్వాతి బిల్లులు మాత్రం పోయాయి.

"వాటి కాగితాలు నా దగ్గరున్నాయండీ, ఎక్కించేస్తాను" అంది లెక్కలమ్మ, ఊపిరి పీల్చుకుని.

"మా అల్లుడంటే ఏమనుకున్నారు!" అంది అత్తగారు, కుట్టుపనివాళ్ళందరికీ వినపడేలా.

కాలరెగరేసుకుని ఇంటికి పోవడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. కానీ ఎందుకు చెడిందో తేలకపోతే మళ్ళీ చెడుతుంది. చెడినప్పుడల్లా అది లెక్కలమ్మ మెడకే చుట్టుకుంటుంది. అల్లుడు కంప్యూటరు తన గురించి తాను రాసిపెట్టుకునే చిట్టా తీసి చూశాడు. కొద్ది రోజులుగా, రోజూ దుకాణం మూసేవేళకి, కంప్యూటరు ఉన్నట్టుండి ఆరిపోతోంది. ఫైలు తెరిచుండగా అలా ఆరితే అది చెడక ఏం చేస్తుంది? కరెంటు పోయినా కాసేపు నిలబెట్టాల్సిన బ్యాటరీ పెట్టె ఎప్పుడో చచ్చిపోయి, బల్లకింద లెక్కలమ్మ కాళ్ళు పెట్టుకోవడానికి పనికొస్తోంది.

"సాయంత్రం మెయిన్ స్విచ్చి ఎవరు కట్టేస్తారు?"

"ఇంకెవరు, నేనే" అంది అత్తగారు. ఒకప్పుడు పక్క దుకాణం తీగలు రాజుకుని బూడిదైంది. తనదంతా దూదీ, ఫోమూ. అప్పట్నుంచి తాళం వేసేముందు తన చేత్తో మెయిన్ కట్టేస్తే తప్ప ఆవిడకు నిద్ర పట్టదు. "ఊరికే కట్టెయ్యను. 'కట్టేస్తున్నా' అని కేకేసి మరీ కడతాను."

ఆ కేక సంగతి అందరికీ తెలిసిందే. అది విని ఎదురు దుకాణంవాళ్ళు కూడా లైట్లార్పుకుంటారు.

"ఈమధ్య కేక రావట్లేదండీ" అంది లెక్కలమ్మ మెల్లగా. "అమ్మగారు మానేశారనుకున్నా. గబుక్కున చీకటైతే కట్టేశారని తెలుసుకుని, బ్యాగు తీసుకుని వచ్చేస్తున్నా. ఆవిడ స్విచ్చి గురించి ఆవిడకే ఏం చెబుతాం, ఎదురు చెప్పినట్టుంటుందని..."

"అబద్ధం! రోజూ గొంతు చించుకుంటున్నా!"

భార్య మాట గుర్తొచ్చి అల్లుడు నోటిదాకా వచ్చింది మింగేశాడు. మధ్యగదిలోకి చూశాడు. ఈమధ్యే దిగిన కొత్త సరుకు, నేలనుంచి కప్పుదాకా పరుపు మీద పరుపు. మనిషి పక్కకు తిరిగితే తప్ప దారి లేదు. అతనికి నవ్వొచ్చింది.

"అత్తయ్యగారూ, మీరిలా ఈ కుర్చీలో కూర్చోండి. నేను ముందుకెళ్ళి కేకేస్తా."

అతనొక్కడే వెళ్ళలేదు. కుట్టుపనివాళ్ళనందరినీ వెంటేసుకెళ్ళాడు. అందరూ కలిసి 'కట్టేస్తున్నాం!' అని అరిచిన అరుపుకి రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు.

తిరిగి చివరిగదికి వచ్చేసరికి అత్తగారు విసుగ్గా తలుపువైపే చూస్తోంది.

"ఎంతసేపండీ? అరుస్తానన్నారు, ఎప్పుడరుస్తారు?"

వెనక ఒకతను నవ్వాపుకోలేక దగ్గాడు. అత్తగారు అందరి మొహాలూ చూసింది, పరుపుల గోడ చూసింది, ఆఖరున లెక్కలమ్మను చూసింది. ఆవిడ ముఖంలో రంగు మారింది. తన చేత్తో చేసినదానికి ఇంకొకరి అన్నం తీసెయ్యబోయానని ఆవిడకు తెలిసిపోయింది. లేచి ముందుగదికి వెళ్ళిపోయింది.

సాయంత్రం అల్లుడు కొత్త బ్యాటరీ పెట్టె తెచ్చి తగిలిస్తున్నాడు. లెక్కలమ్మ పోయిన బిల్లులు ఎక్కిస్తోంది. మూసేవేళయింది. పరుపుల మధ్య ఏదో రాసుకున్న చప్పుడు. చూస్తే అత్తగారు పక్కకు తిరిగి, ఒత్తుకుంటూ, ఆయాసపడుతూ వస్తోంది. గుమ్మం పట్టుకుని నిలబడింది.

"అమ్మాయ్, అయిందా నీ పని? కట్టెయ్యనా?"

లెక్కలమ్మ చెయ్యి ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు.

"ఇంకొక్క బిల్లుందమ్మగారూ."

"కానివ్వు" అని అత్తగారు అక్కడే ఒక పరుపు మీద కూలబడింది. "తొందరేం లేదు. రేపు మాత్రం కాస్త పెందలాడే రా. ఈ పరుపులు ఎటు జరపాలో నువ్వే చెప్పాలి."