గార్న్ కొన్న ఫిరంగి

మా చెల్లెలు లరూ మొగుడు గార్న్‌కి మూస్ పర్మిట్ తగిలింది. మూస్ అంటే గుర్రం కన్నా ఎత్తుండే దుప్పి. మా యూటా రాష్ట్రంలో దాన్ని వేటాడాలంటే లాటరీలో పేరు రావాలి. వస్తే జన్మకి ఒక్కసారే, ఆ తర్వాత దరఖాస్తు కూడా పెట్టనివ్వరు. నేను ఇరవై నాలుగేళ్లుగా పెడుతున్నాను. గార్న్ ఆరేళ్లు పెట్టాడు. ఇది ఏడుపు కాదు, ఉన్నమాట చెబుతున్నాను. సరే, ఏడుపే.

ఆ సంగతైనా మామూలుగా చెప్పాడా? ఆదివారం చర్చి అయ్యాక మా ఇంట్లో భోజనానికి కూర్చుని, జున్ను వేసి కాల్చిన బంగాళాదుంపలు రెండోసారి వడ్డించుకుంటూ, "బావా, రైఫిల్‌తో ఎవడైనా కొడతాడు. నేను రివాల్వర్‌తో కొడదామనుకుంటున్నా" అన్నాడు.

"రాయితో కొట్టకూడదూ, ఇంకా పేరొస్తుంది" అన్నాను.

లరూ నవ్వింది. వాడూ నవ్వాడు. వాడితో చిక్కే అది, ఎంత పొడిచినా దిగదు.

రివాల్వర్ వేట నాకు కొత్త కాదు. ముప్పై ఏళ్లుగా ఒకటే వాడుతున్నాను, ఫార్టీఫైవ్ సైజుది. తూటాలు కొనను, గ్యారేజీలో కూర్చుని సొంతంగా కట్టుకుంటాను. కాల్చిన ఇత్తడి గొట్టాన్నే మళ్లీ శుభ్రం చేసి, కొలిచి తుపాకి మందు పోసి, పైన బరువైన సీసపు గుండు దించి, గొట్టం మూతిని గుండు చుట్టూ గట్టిగా నొక్కేస్తాను. మందు మితంగానే పోస్తాను. గుండు హడావిడి లేకుండా వెళ్లి, ఈ పక్కన దూరి ఆ పక్కన బయటికొస్తుంది. జంతువు పదడుగులు నడిచి పడిపోతుంది. వేటగాడికి ఇంతకంటే ఏం కావాలి?

ఈ ముక్క చెప్పి, "నీకు కావాలంటే నా రివాల్వరే ఇస్తాను, తూటాలూ కట్టిస్తాను" అన్నాను. నోరు తెరిచి ఇస్తానన్నాను, గుర్తుపెట్టుకోండి.

"అది ముసలాళ్ల తూటా బావా" అన్నాడు గార్న్, నోట్లో బంగాళాదుంప ఉండగానే.

మర్నాడే ఊళ్లో తుపాకుల కొట్టుకి పోయాడు. అక్కడ తూటాల అరల ముందు పొద్దంతా నిలబడే పెద్దమనుషులు నలుగురున్నారు. ఏ పెట్టె మీద అంకె పెద్దదైతే అదే మంచిదని చెప్పడం వాళ్ల ఉద్యోగం. ఆ నలుగురిలో మూస్‌ని దగ్గరగా చూసినవాడు ఒక్కడు, అదీ వాడి కారు కింద. వాళ్ల సలహా మీద మావాడు ఫైవ్ హండ్రెడ్ అనే రివాల్వర్ కొన్నాడు. దాని తూటా నా బొటనవేలంత లావు. రివాల్వర్‌ని చేత్తో పట్టుకునే బదులు బండి మీద బిగిస్తే ఫిరంగి అనొచ్చు.

"ఎలుగుబంటి ఎదురొచ్చినా భయం లేదట" అన్నాడు, చేటంత ముఖం చేసుకుని.

"ఎలుగు సంగతి సరే, నీ మణికట్టుని అడిగావా?"

తూటాలు కూడా తనే కట్టుకుంటానన్నాడు. వీడియోలు చూసి నేర్చుకున్నాడట. పైగా, ఉన్న గుండ్లలో అన్నిటికంటే బరువైనది, పోయగలిగినంత మందు. ఒక సాయంత్రం గ్యారేజీకి తెచ్చి చూపించాడు, పళ్లెంలో పేర్చి మరీ. ఒకటి తీసి చూశాను. మూతి దగ్గర వేలితో తడిమాను. నొక్కీ నొక్కనట్టుంది. అంత ఎదురు తన్ను ఉన్న రివాల్వర్‌లో ఒక తూటా పేలితే, ఆ అదురుకి పక్క తూటాల్లో గుండు కొంచెం కొంచెంగా ముందుకి జారుతుంది. జారి ముక్కు బయటికి పొడుచుకొస్తే తూటాల చక్రం ఇక తిరగదు. ఇంతకంటే తేలిక తూటాలు కట్టేవాళ్లకి కూడా ఇది తెలుసు.

"ఎలా ఉన్నాయి బావా?" అన్నాడు.

"మెరుస్తున్నాయి" అన్నాను.

ఆగస్టులో క్వారీ దగ్గర గురి చూసుకోవడానికి నన్నూ రమ్మన్నాడు. ఒకటి పేల్చాడు. ఆ చప్పుడుకి నా పళ్లు కదిలాయి. వాడు చెయ్యి విదిలించుకుని, సోడా తాగి, అయిదు నిమిషాలాగి ఇంకొకటి పెట్టుకుని పేల్చాడు. చక్రంలో అయిదు గదులున్నాయి, ఒక్కసారి కూడా అయిదూ నింపలేదు. నొప్పికి ఒక్కొక్కటే. ఇలాంటి తూటాలకి మేం చేసే పరీక్ష ఒకటుంది. అయిదూ నింపి, నాలుగు పేల్చి, మిగిలిన అయిదోదాన్ని తీసి పొడవు కొలుస్తాం, జారిందో లేదో తేలిపోతుంది. రెండు నిమిషాల పని. వాడు ఒక్కొక్కటే పేలుస్తుంటే జారడానికి పక్కన తూటా ఏదీ? అంతా బ్రహ్మాండంగా ఉందనుకున్నాడు.

నేను మడత కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. నాకు తెలుసు. నోటిదాకా వచ్చింది. అప్పుడే వాడు ఇటు తిరిగి, "నీ ముసలిదాంతో ఇంత చప్పుడొస్తుందా బావా?" అన్నాడు. నోరు మూసుకున్నాను. కొండ మీద బిగుసుకుపోతుంది, అప్పుడు చూద్దాం ఈ డబ్బా అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ తలంపుకి లోపల హాయిగా అనిపించింది.

సెప్టెంబరులో బయల్దేరాం. లరూ మాకు రొట్టెలు కట్టిస్తూ, "అన్నయ్య పక్కనుంటే నాకు బెంగ లేదు" అంది. యుయింటా కొండల్లో మూడు రోజులు తిరిగాం. గార్న్ నడకకి అడవిలో ఉడతలు కూడా విసుక్కున్నాయి. నాలుగో రోజు పొద్దున, వాగు పక్క పొదల్లోంచి మూస్ బయటికొచ్చింది. మగది. కొమ్ములు రెండు చేతులూ చాచినా అందనంత వెడల్పు. నలభై అడుగుల దూరంలో పక్కకి తిరిగి నిలబడింది. నా జన్మలో అంత అందమైన జంతువుని చూడలేదు. అది వాడికి దొరికిందే అని కడుపు మండింది.

గార్న్ రెండు చేతులతో ఎత్తి పేల్చాడు. పేలకముందే కళ్లు మూసుకున్నాడు, నేను చూశాను. గుండు బాగా వెనక, పొట్టలో తగిలింది. మూస్ మామూలుగా వెంటనే పారిపోదు, ఏమైందో అర్థం కానట్టు నిలబడుతుంది. ఇదీ నిలబడింది. వాడు రెండోది పేల్చాడు, అది గాలిలోకి పోయింది. మూడోదానికి రివాల్వర్ వెనకుండే సుత్తి లాగాడు, రాలేదు. చక్రం తిరగలేదు. గుండు జారి అడ్డంపడింది. వాడు రెండు బొటనవేళ్లతో లాగుతున్నాడు.

నా రివాల్వర్ నా నడుముకే ఉంది. నేను పేల్చకూడదు, పర్మిట్ వాడిది. కానీ తీసి వాడి చేతిలో పెట్టొచ్చు. ఒక్క అడుగు దూరం. తియ్యలేదు. అడగనీ అనుకున్నాను. ముసలాళ్ల తూటా ఇవ్వు బావా అని వాడి నోటితో వాణ్ణే అననీ అనుకున్నాను. ఎన్ని క్షణాలో చెప్పలేను. వాడు అడగలేదు, నా వైపు చూడనైనా చూడలేదు, ఆ ఇనుముతో కుస్తీ పడుతూనే ఉన్నాడు. దుప్పి తల దించి ఒకసారి దగ్గి, తిరిగి, పొదల్లోకి నడిచి వెళ్లిపోయింది. అప్పుడు తీశాను. ఎవరికి?

నెత్తురు జాడ వాగు దాకా ఉంది, నీళ్లలో పోయింది. ఆ రోజంతా వెతికాం, మర్నాడంతా వెతికాం. గార్న్ తిండి ముట్టలేదు. నడుం లోతు బురదలో దిగి, ఒక్కో పొదా చేతులతో విడదీశాడు. వాణ్ణి ఎక్కిరించడానికి నా దగ్గర మాట లేకపోవడం అదే మొదలు. ఎండ బాగా కాసింది. మూడో రోజు పక్షులు చూపించాయి. అది మడుగు అంచున పడి ఉంది, పొట్ట ఉబ్బిపోయి. పోయి ఒకరోజు కూడా దాటలేదని చూస్తేనే తెలుస్తోంది. అంటే ఒక రోజుకి పైనే బతికి ఉంది, ఆ గాయంతో. మాంసం ఒక్క ముక్క కూడా పనికి రాదు.

గార్న్ దాని మెడ మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు.

"తప్పంతా నాదే బావా" అన్నాడు. "ఆ తూటాలు ఇలా జారతాయని నాకేం తెలుసు? నీకు తెలిసుంటే చెప్పేవాడివే కదా. నేనే నిన్ను సరిగ్గా అడగలేదు."

ఊరుకుని ఉంటే అక్కడితో అయిపోయేది. వాడు నమ్మాడు కూడా.

"తెలుసు" అన్నాను.

తలెత్తి చూశాడు. "ఎప్పుడు?"

"గ్యారేజీలోనే. మూతి తడిమినప్పుడు." అంతటితో ఆగలేకపోయాను. "మొన్న పొద్దున కూడా, నువ్వు అడిగితే ఇద్దామని నిలబడ్డాను."

వాడు నా నడుము వైపు చూశాడు. అరవలేదు. కొట్టి ఉంటే బాగుండేది. చాకు తీసి, చట్టం ప్రకారం కొట్టినవాడు చెయ్యాల్సినట్టే, పర్మిట్ మీద తేదీ దగ్గర గాటు పెట్టి, దారంతో కొమ్ముకి కట్టాడు. ముడి రెండుసార్లు జారింది, మూడోసారి నిలిచింది. లేచి మోకాళ్లు దులుపుకున్నాడు.

"ఇంటికెళ్లాక లరూకి నువ్వే చెప్పు" అన్నాడు. "నేను చెబితే నమ్మదు."